బ్లూస్ సోలో స్కేలు అప్పజెప్పినట్టు ఎందుకు వినిపిస్తుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీరు మూడేళ్లుగా గిటార్ వాయిస్తున్నారు. మైనర్ పెంటాటోనిక్ అనే ఐదు స్వరాల స్కేల్‌కు ఉన్న ఐదు బాక్సులూ (గిటార్ మెడ మీద వేళ్లు పెట్టే అమరికలు) కళ్లు మూసుకుని వాయించగలరు, నలభై యాభై లిక్కులు (చిన్న చిన్న స్వర వాక్యాలు) కూడా నేర్చుకున్నారు. అయినా బ్యాకింగ్ ట్రాక్ (వెనుక మోగే బ్యాండ్ రికార్డు) పెట్టుకుని సోలో మొదలుపెడితే అది బ్లూస్‌లా ఉండటం లేదని, పాఠం అప్పజెప్పినట్టు ఉందని మీకే అనిపిస్తోంది. అందువల్ల ఇక నేర్చుకోవలసింది మేజర్ పెంటాటోనిక్కా, మిక్సోలిడియనా అని అడిగారు.

నా సమాధానం: ప్రస్తుతానికి ఏ కొత్త స్కేలూ వద్దు. కనీసం మూడు నెలల పాటు మొదటి బాక్సులోనే, అందులోనూ సన్నని మూడు తీగల మీదే ఉండండి. ఆ సమయమంతా మూడు పనులకు కేటాయించండి: పన్నెండు బార్లలో (నాలుగేసి బీట్ల భాగాలు, బ్లూస్‌లో ఒక చుట్టుకు ఇవి పన్నెండు) ఎక్కడున్నారో ప్రతి క్షణం తెలిసి ఉండటం, బెండ్లను (తీగను పక్కకు వంచి స్వరాన్ని పెంచటం) శ్రుతిలో పెట్టటం, ఒక వాక్యం ముగిశాక ఆగటం. మీకు ఇప్పటికే వచ్చిన స్వరాలు బ్లూస్‌కు చాలినన్ని ఉన్నాయి. వాటిని ఎప్పుడు వాయించాలి, ఎంత ఎత్తుకు వంచాలి, ఎక్కడ వదిలేయాలి అన్నది మాత్రం ఏ స్కేలూ చెప్పదు. ముప్పై ఏళ్లుగా వాయిస్తూ, అందులో సగం కాలం నేర్పుతూ నేను గమనించినది ఇదే. మీలాగే ఐదు బాక్సులూ నేర్చుకుని వచ్చినవారిలో ఎక్కువమందికి కొరవడేది స్వరాల సంఖ్య కాదు.

ముందుగా పన్నెండు బార్ల సంగతి. ఎ కీలో (ఎ ఆధార స్వరంగా) అయితే మొదటి నాలుగు బార్లు ఎ7 కార్డ్ (కలిసి మోగే స్వరాల గుంపు), తర్వాత రెండు డి7, మళ్లీ రెండు ఎ7, తొమ్మిదోది ఇ7, పదోది డి7, పదకొండోది ఎ7, చివరిది మనల్ని తిరిగి మొదటికి పంపే ఇ7. రెండో బార్‌లోనే ఒకసారి డి7కు వెళ్లి వచ్చే పద్ధతి కూడా చాలా పాటల్లో ఉంటుంది. ఇదంతా మీకు తెలుసు. అయితే తెలియటం వేరు, సోలో వాయిస్తున్నప్పుడు ఒంట్లో ఉండటం వేరు. నా దగ్గరకు వచ్చిన ఒక కుర్రాడు నాకంటే వేగంగా వాయించేవాడు. సోలో ఆపకుండానే ప్రతి బార్ మొదట్లో దాని సంఖ్యను పైకి చెప్పమన్నాను. ఐదు దాకా చెప్పాడు, ఆరు దగ్గర తడబడ్డాడు, ఆ తర్వాత ట్రాక్ తొమ్మిదో బార్‌లో ఇ7కు మారిపోతే అతను ఇంకా ‘ఏడు’ అంటున్నాడు. అతని వేళ్ల కింద ఉన్నది పాట కాదు, ఒక డిజైన్ మాత్రమే. ఈ పరీక్ష మీరూ ఈరోజే పెట్టుకోండి. సంఖ్యలు చెబుతూ వాయించటం కుదరకపోతే వాయించే స్వరాలను తగ్గించండి, లెక్కను మాత్రం వదలకండి.

ఎక్కడున్నారో తెలిసినప్పుడే కార్డ్ మారిన సంగతి మీ సోలోలో వినిపిస్తుంది. దీనికి పెద్ద సిద్ధాంతం అక్కర్లేదు, రెండు తీగలు చాలు. తీగల లెక్కను అన్నిటికంటే సన్నని తీగ నుంచి చెబుతున్నాను. మూడో తీగ ఆరో ఫ్రెట్‌లో (మెడ మీది లోహపు గీతల మధ్య గడిలో) సి షార్ప్ ఉంది, అది ఎ7 కార్డ్‌కు మూడో స్వరం. రెండో తీగ ఎనిమిదో ఫ్రెట్‌లో జి ఉంది, అది అదే కార్డ్‌కు ఏడో స్వరం. బ్యాండ్ డి7కు మారగానే ఈ రెండు వేళ్లనూ ఒక్కొక్క ఫ్రెట్ కిందికి జరపండి: మూడో తీగ ఐదో ఫ్రెట్‌లో సి, రెండో తీగ ఏడో ఫ్రెట్‌లో ఎఫ్ షార్ప్ వస్తాయి. ఆ సి డి7కు ఏడో స్వరం, ఆ ఎఫ్ షార్ప్ మూడో స్వరం. అంటే కేవలం అర టోన్ దిగటంతో కార్డ్ మొత్తం మారినట్టు వినేవారికి తెలిసిపోతుంది. ఇ7 వచ్చినప్పుడు మాత్రం నాలుగో తీగ దాకా వెళ్లాలి: దాని ఆరో ఫ్రెట్‌లో జి షార్ప్, మూడో తీగ ఏడో ఫ్రెట్‌లో డి దొరుకుతాయి. వారం రోజులు ఏ లిక్కూ వాయించకుండా, ఈ జంటలను మాత్రమే కార్డ్ మారిన మొదటి బీట్ మీద వాయిస్తూ పన్నెండు బార్లు తిరగండి. విసుగు పుట్టే అభ్యాసమే, కాదనను. కానీ రెండో వారంలో మీ పాత లిక్కులే తమంతట తాము వెళ్లి ఈ స్వరాల మీద ఆగటం మొదలుపెడతాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. కొందరు ఈ విషయం తెలిశాక ప్రతి కార్డ్‌కూ దాని స్వరాలన్నీ వరుసగా పలికించటం మొదలుపెడతారు, దాంతో బ్లూస్ పోయి వ్యాకరణం మిగులుతుంది. నాలుగో బార్ నుంచి ఐదో బార్‌కు, ఎనిమిదో బార్ నుంచి తొమ్మిదో బార్‌కు వెళ్లే రెండు మలుపులను స్పష్టంగా వినిపిస్తే చాలు. మిగిలిన చోట్ల ఎ మైనర్ పెంటాటోనిక్‌లోనే హాయిగా ఉండవచ్చు. కింద మోగుతున్న మేజర్ కార్డ్‌కూ పైన మీరు వాయించే మైనర్ మూడో స్వరానికీ మధ్య ఉండే ఒరిపిడిలోనే ఈ సంగీతపు రుచి ఉంది.

ఆ ఒరిపిడి గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే సోలో యాంత్రికంగా వినిపించటానికి రెండో పెద్ద కారణం అక్కడే ఉంటుంది. మూడో తీగ ఐదో ఫ్రెట్‌లోని సి అనేది ఎ కీకి మైనర్ మూడో స్వరం, దాని పక్క ఫ్రెట్‌లోని సి షార్ప్ అనేది మేజర్ మూడో స్వరం. బ్లూస్ గాయకులు ఎక్కువగా నిలిచేది ఈ రెండింటి నడుమ ఎక్కడో ఉన్న ఎత్తు మీద, దానికి గిటార్‌పై ఫ్రెట్ లేదు. అందువల్ల ఎ7 మీద ఆ సి వచ్చిన ప్రతిసారీ చూపుడు వేలితో తీగను కొద్దిగా, పావు టోన్ మేరకు, నేల వైపు లాగాలి. మీరు పంపిన రికార్డింగ్‌లో ఆ స్వరం ఇరవైసార్లకు పైగా వచ్చింది. ఒక్కసారి కూడా మీరు దాన్ని కదపలేదు. ఈ ఒక్క అలవాటు చేసుకుంటే వచ్చే తేడాను మీరే వింటారు.

పూర్తి బెండ్లను మాత్రం ఊహతో కాదు, చెవితో కొలిచి వేయాలి. మూడో తీగ తొమ్మిదో ఫ్రెట్‌లో ఇ వాయించి, ఆ శబ్దాన్ని నోటితో పాడి, తర్వాత అదే తీగను ఏడో ఫ్రెట్‌లో నొక్కి అక్కడిదాకా వంచండి. చేరారో లేదో తెలుసుకోవటానికి రెండో తీగ ఐదో ఫ్రెట్‌ను కూడా మోగించండి, అదీ ఇ స్వరమే. రెండూ కలిసి మోగుతున్నప్పుడు శబ్దం అలలు అలలుగా వణికితే మీరింకా చేరలేదు, లేదా దాటిపోయారు. వణుకు నెమ్మదించి పూర్తిగా ఆగిన చోట మీ చేతికి ఎంత బరువు తెలుస్తోందో గుర్తుపెట్టుకోండి. రెండో తీగ ఎనిమిదో ఫ్రెట్‌లోని జిని ఎ దాకా వంచటం కూడా ఇలాగే, ఒకటో తీగ ఐదో ఫ్రెట్‌తో సరిచూసుకుంటూ సాధన చేయండి. నేర్చుకునేవారిలో నూటికి తొంభైమంది తక్కువ వంచుతారు. ఆ కొంచెం తక్కువే విన్నవారికి నీరసంగా తోస్తుంది, కారణం వారికి తెలియకపోయినా సరే.

వంచటంలో వేలి బలం కంటే చేయి పట్టుకునే తీరు ముఖ్యం. ఉంగరపు వేలు ఏడో ఫ్రెట్‌లో ఉన్నప్పుడు మధ్యవేలు, చూపుడు వేలు కూడా దాని వెనుక అదే తీగ మీద ఆని తోడుగా నెట్టాలి, బొటనవేలు మెడ పైఅంచు మీదుగా బయటికి రావాలి, చూపుడు వేలి మొదలు మెడ కింది అంచుకు ఆనుకోవాలి. ఆ ఆనుడు చుట్టూ మణికట్టు తలుపు గొళ్లెం తిప్పినట్టు తిరుగుతుంది, వేళ్లు మాత్రం దాదాపు వంపు మార్చకుండా అలాగే ఉంటాయి. బొటనవేలును మెడ వెనుక మధ్యలో పెట్టి వేళ్లతోనే నెట్టాలని చూస్తే నొప్పి తప్ప శ్రుతి రాదు. నొప్పి కీళ్లలో వస్తే ఆపేయండి. వేలి కొసల మీద వచ్చే మంట వేరు, అది కాయలు కాశాక పోతుంది.

వైబ్రాటో, అంటే స్వరాన్ని వణికించటం, కూడా అదే మణికట్టు కదలికకు చిన్న రూపం. బ్లూస్ గిటారిస్టు, గాయకుడు బి.బి. కింగ్ బంధువు బుక్కా వైట్ స్లైడ్ (తీగల మీద గొట్టాన్ని జార్చే పద్ధతి) వాయించేవారు. ఆ శబ్దం మీద మోజు ఉన్నా స్లైడ్ తనకు పట్టుబడలేదని, చేతిని ఊపి ఆ వణుకును తెచ్చుకునే ప్రయత్నంలోంచే తన వైబ్రాటో పుట్టిందని బి.బి. కింగ్ చెప్పేవారు. ఆయన చూపుడు వేలితో స్వరాన్ని నొక్కి, బొటనవేలిని మెడ మీద నుంచి వదిలేసి, మొత్తం చేతినే ఊపేవారు. మీరు ఏ పద్ధతిని ఎంచుకున్నా గమనించాల్సినవి రెండున్నాయి. మొదటిది, వంచని స్వరం మీద వైబ్రాటో అంటే శ్రుతి పైకి వెళ్లి తిరిగి అసలు చోటికి పూర్తిగా దిగి రావాలి, దిగి రాకపోతే స్వరం శ్రుతి ఎక్కువైనట్టు వినిపిస్తుంది. వంచిన స్వరం మీదైతే ఇది తిరగబడుతుంది, కొద్దిగా దిగి మళ్లీ పైకి చేరాలి. రెండోది, ఊపు లయలో ఉండాలి. మెట్రోనోమ్‌ను (టిక్కులతో లయ చూపే పరికరం) నిమిషానికి 60 మీద పెట్టి బీట్‌కు రెండు ఊపులు, తర్వాత మూడు, తర్వాత నాలుగు చొప్పున అభ్యాసం చేయండి. మొదట్లో ఇది కోడికి ఈక పీకినట్టు వికారంగా ఉంటుంది, నాకు తృప్తినిచ్చే వైబ్రాటో రావటానికి దాదాపు రెండేళ్లు పట్టింది.

ఆగటం గురించి నా సొంత అవమానం ఒకటి చెప్పుకుంటాను. తొలి రోజుల్లో ఒక గాయని బ్యాండ్‌లో వాయించే అవకాశం వచ్చింది. ఆమె పాడిన ప్రతి పదం పక్కనా ఒక లిక్కు పెట్టాను, వచ్చినదంతా ప్రదర్శించాను. విరామంలో ఆమె కోపం లేకుండానే ఒక మాట అన్నది: “నా మాట పూర్తికాకముందే నువ్వు జవాబు చెబుతున్నావు. నేనేం అడిగానో నీకెలా తెలుసు?” ఆ రాత్రి ఇంటికి వచ్చి రికార్డింగ్ వింటే పన్నెండు బార్లలో ఒక్క బీట్ కూడా నేను ఖాళీగా ఉంచలేదని తెలిసింది.

ఆమె చెప్పినదాని వెనుక ఈ సంగీతపు నిర్మాణమే ఉంది. బ్లూస్ పాటలో సాధారణంగా మూడు పాదాలుంటాయి. మొదటి పాదాన్నే రెండోసారి పాడతారు, మూడోది వాటికి ముగింపు ఇస్తుంది. ఒక్కో పాదానికి నాలుగు బార్లు. అయితే మాటలు ఆ నాలుగు బార్లలో దాదాపు మొదటి రెండింటిని మాత్రమే ఆక్రమిస్తాయి, మిగిలిన రెండు బార్లూ వాద్యం బదులు పలకటానికి ఉన్నవి. సోలోలో మీకు గాయకుడు లేడు కాబట్టి రెండు పాత్రలూ మీవే. మొదటి రెండు బార్లలో ఒక మాట అనండి, తర్వాతి రెండింటిలో చిన్న జవాబు ఇవ్వండి లేదా మౌనంగా ఉండండి. ఐదో బార్‌లో డి7 వచ్చినప్పుడు అదే మాటను చివరి స్వరం మాత్రం మార్చి మళ్లీ అనండి. తొమ్మిదో బార్‌లో కొత్త మాటతో ముగించండి. ‘రెండోసారి అదే వాయిస్తే వినేవారికి విసుగు కదా’ అని అందరూ అనుకుంటారు. మొదటిసారి విన్నప్పుడు వారికి మీ వాక్యం ఇంకా పట్టుబడదు, కార్డ్ మారాక అదే వాక్యం తిరిగి వస్తేనే దాన్ని గుర్తుపడతారు. ఊపిరి వదులుతూ మాత్రమే వాయించటం, ఊపిరి తీసుకునేటప్పుడు చేతులు ఆపటం అనే పాత చిట్కా కూడా ఇక్కడ బాగా పనిచేస్తుంది.

లయ విషయంలో మీ రికార్డింగ్‌లో నాకు కనిపించినది ఏమిటంటే, మీ వాక్యాలన్నీ ఒకటో బీట్ మీదే మొదలవుతున్నాయి. రెండో బీట్ తర్వాత మొదలుపెట్టి చూడండి. ఇక షఫుల్ అంటే బీట్‌ను మూడు సమభాగాలుగా ఊహించి మొదటి భాగంలోనూ మూడో భాగంలోనూ వాయించటం, నడిమి భాగం ఖాళీ. మెట్రోనోమ్‌ను 40 మీద పెట్టి ఆ టిక్కులను రెండో బీట్, నాలుగో బీట్ అనుకుంటే పాట వేగం 80 అవుతుంది. డ్రమ్మర్ స్నేర్ కొట్టే చోట్లు అవే. ఇలా వాయించటం మొదట చాలా కష్టంగా ఉంటుంది, ఎందుకంటే ఒకటో బీట్‌ను మీరే మోయాలి. ఆ కష్టమే దీని ప్రయోజనం.

రిథమ్ గురించి మీరు అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేను. బ్యాండ్‌లో మీరు సోలో వాయించే సమయం చాలా స్వల్పం, మిగిలినదంతా ఇతరులకు ఆసరాగా ఉండవలసిందే. 1950లలో బ్లూస్ గాయకుడు జిమ్మీ రీడ్ రికార్డుల్లో గిటారిస్టు ఎడ్డీ టేలర్ వాయించిన రిథమ్ వినండి. కార్డ్ మూల స్వరంతో పాటు ఒకసారి ఐదో స్వరం, ఒకసారి ఆరో స్వరం, అంతే. ఎ కీలో అయితే ఐదో తీగను ఖాళీగా మోగిస్తూ నాలుగో తీగ మీద రెండో ఫ్రెట్, నాలుగో ఫ్రెట్ మార్చి మార్చి నొక్కటమే. నేర్చుకోవటానికి పది నిమిషాలు చాలు. పది నిమిషాల పాటు వేగం పెరగకుండా, తగ్గకుండా వాయించటానికి నెలలు పడుతుంది. ఈ పని చక్కగా చేయగలిగినవారి సోలోలు తమంతట తామే లయలో కూర్చోవటం నేను పదే పదే చూశాను.

వినటంలో విస్తారం కంటే లోతు మేలు. లిక్కులను వీడియోల నుంచి, టాబ్ (ఫ్రెట్ల సంఖ్యలతో రాసిన లిపి) నుంచి కాక నేరుగా రికార్డు నుంచి చెవితో పట్టుకోండి. పన్నెండు బార్ల సోలో ఒకటి తీసుకుని, గిటార్ ముట్టకుండా దాన్ని మొత్తం నోటితో పాడగలిగే దాకా వినండి, ఆ తర్వాతే వేళ్లు వెతకండి. దీనికి బి.బి. కింగ్, మరో బ్లూస్ గిటారిస్టు ఆల్బర్ట్ కింగ్ ఇద్దరూ అనువైనవారు, ఎందుకంటే వారు వాడే స్వరాలు కొన్నే. బి.బి. కింగ్ 1964లో షికాగోలోని రీగల్ థియేటర్‌లో ఇచ్చిన ప్రదర్శన రికార్డింగ్ వింటే ఆయన పాడేటప్పుడు వాయించరని, వాయించేటప్పుడు పాడరని గమనిస్తారు. గొంతు వదిలిన చోట గిటార్ అందుకుంటుంది. ఆల్బర్ట్ కింగ్ ఎడమచేతి వాటం మనిషి. కుడిచేతి గిటార్‌ను తీగల వరుస మార్చకుండానే తిరగేసి పట్టుకునేవారు కనుక సన్నని తీగలు పైకి వచ్చేవి, మనం నెట్టే బెండ్లను ఆయన కిందికి లాగేవారు. ఆ లాగుడులో ఆయన టోన్‌కు మించి కూడా వెళ్లిపోతారు, అందువల్ల ఆయన బెండ్లను పట్టుకునేటప్పుడు ముందుగా ఎంత ఎత్తుకు వెళ్తున్నారో పాడి తెలుసుకోవటం తప్పనిసరి.

పరికరాల గురించి క్లుప్తంగా చెబుతాను. బ్లూస్ గిటారిస్టు స్టీవీ రే వాన్ మందపు తీగలు వాడేవారని చదివి 13 సెట్ (ఈ సంఖ్య తీగల మందాన్ని చెబుతుంది) వేసుకుని వేళ్లు పాడుచేసుకున్నవారిని నేనెరుగుదును. ఆయన గిటార్‌ను అర టోన్ దించి శ్రుతి చేసేవారని, దాంతో తీగల బిగువు తగ్గేదని వారు మరిచిపోతారు. మీకు 9 గానీ 10 గానీ సెట్ చాలు. యాంప్‌లో గెయిన్ (శబ్దానికి గరగర తెచ్చే నియంత్రణ) తగ్గించండి: మెల్లగా మీటితే శుభ్రంగా, గట్టిగా మీటితే కొద్దిగా గరగరలాడుతూ ఉండే చోట నిలపండి. గెయిన్ ఎక్కువైతే మీ మెల్లదనమూ గట్టిదనమూ ఒకే ఎత్తులో వినిపించి, ఎక్కడ తప్పు చేస్తున్నారో మీకే తెలియదు.

రోజుకు నలభై నిమిషాలు ఉన్నాయన్నారు కాబట్టి పది నిమిషాలు బెండ్లు, వైబ్రాటోకు, పది రిథమ్‌కు, పది చెవితో పట్టుకోవటానికి, చివరి పది పన్నెండు బార్ల మీద స్వేచ్ఛగా వాయించటానికి పెట్టుకోండి. ఆ చివరి పది నిమిషాలనూ ఫోన్‌లో రికార్డు చేయండి, కానీ వెంటనే వినకండి. మర్నాడు వినండి. వాయించిన వెంటనే వింటే చేతులు అనుకున్నదే చెవికి వినిపిస్తుంది, ఒక రాత్రి గడిచాకే పరాయి మనిషి వాయించినట్టు వినగలుగుతాం.

మూడు నెలల తర్వాత మొదటి బాక్సు దాటవచ్చు. అప్పుడు కూడా మిక్సోలిడియన్‌కు వెళ్లకండి, రెండో తీగ పదో ఫ్రెట్‌లోని ఎ చుట్టూ ఉండే చిన్న ప్రాంతానికి వెళ్లండి. బి.బి. కింగ్ అక్కడ తరచుగా వాయించినందున దానికి ఆయన పేరే స్థిరపడింది. మీరు అడిగిన మేజర్ పెంటాటోనిక్ స్వరాలు అక్కడ మైనర్ స్వరాల పక్కనే ఉంటాయి కాబట్టి రెండు స్కేళ్లుగా వేరుచేసి నేర్చుకోవలసిన అవసరం రాదు. ఉదాహరణకు రెండో తీగ పన్నెండో ఫ్రెట్‌లో బి ఉంది. బ్యాండ్ ఎ7 మీద ఉన్నప్పుడు దాన్ని పూర్తి టోన్ వంచితే సి షార్ప్, డి7కు మారినప్పుడు అర టోన్ మాత్రమే వంచితే సి. వేలు కదలదు, ఫ్రెట్ మారదు. ఎంత వంచాలో మాత్రం పైన చెప్పిన పన్నెండు బార్ల లెక్కే నిర్ణయిస్తుంది. అక్కడికి చేరాక ఒక రికార్డింగ్ పెట్టండి, విని చెబుతాను.